ఏమనుకోకు, వదినె

మొన్న ఆదివారం మా మనవడు ఫోను పట్టుకొని వచ్చి నా మంచం పట్టె మీద కూర్చున్నాడు. వాడు పిలవకుండా వచ్చి నా పక్కన కూర్చున్నాడంటే ఏదో ఖర్చు ముచ్చటే.

"నానమ్మా, నాగపూర్ చిన్నమ్మ వస్తున్నది. పిల్లకు సైనిక్‌పురిల ఏదో సంబంధం చూస్తరట. రెండు రోజులుంటరు. హోటల్ల రూము బుక్ చెయ్యమన్నది."

"హోటలెందుకు? మన ఇల్లు కూలిందా?"

"అడిగింది ఆమెనే. ఇగో చూడు, మామూలు రూము ఇంత. ఇంకింత ఎక్కువ పెడితే కన్సియర్జ్ ఉండే ఫ్లోరు ఇస్తరట. వాళ్ళమ్మ ఎప్పుడొచ్చినా అట్లాంటిదే తీసుకునేది కద. మరి అంత పెట్టొచ్చా, దండుగనా, నువ్వు చెప్పు."

కన్సియర్జ్ అంటే ఏమిటో నేను వాణ్ణి అడగలేదు. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, ఇంగ్లీషు మాటలు నాకు పెద్దగా తెలియవు. కానీ ఈ ఒక్క మాట తెలుసు. కోటు వేసుకొని, బల్ల వెనక నిలబడి, బస చేసినవాళ్ళు ఏది అడిగితే అది తెచ్చిపెట్టే మనిషి. రైలు టికెట్టు, కారు, గుడిలో దర్శనం, తెగిన చెప్పు, విరిగిన కళ్ళద్దాలు అన్నీ అతనే చూస్తాడు. అడగనివి కూడా కనిపెట్టి తెస్తాడు. దానికి రూము కిరాయి మీద మళ్ళీ అంత కిరాయి. ఈ విద్య అంతా నాకు మా ఆడబిడ్డ వల్ల తెలిసింది. ఇప్పుడొచ్చే నాగపూర్ ఆమెకు తల్లి, మా ఆయన చెల్లెలు. ఆమె పోయి ఏడాది దాటింది.

ఆమెను తలుచుకుంటే నాకు ముఖం కన్నా ముందు చేతిలో గ్లాసు గుర్తొస్తుంది. గ్లాసు చేతికివ్వగానే ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసేది. నేను బూడిద పెట్టి తోమి, రెండుసార్లు కడిగి ఇచ్చిన గ్లాసు! ఆ వాసన చూడటం చూస్తే నాకు ఒళ్ళు మండేది. మే నెలలో రోడ్డు మీద తారు కరుగుతుంటే కూడా ఆమెకు ఉడుకునీళ్ళే కావాలి. తాగడానికి ఉడుకునీళ్ళు, పొద్దున స్నానానికి ఉడుకునీళ్ళు, సాయంత్రం మళ్ళీ స్నానానికి ఉడుకునీళ్ళు, పడుకునే ముందు పాదాలు పెట్టుకోవడానికి ఇంకో గిన్నెడు. నడిస్తే కాలివేళ్ళ మీద నడిచేది, నేల చల్లగా ఉందని. ఏది అడగాలన్నా ముందు ఒక మాట. "ఏమనుకోకు, వదినె." ఆ మాట లేకుండా ఆమె నన్ను మంచినీళ్ళు కూడా అడగలేదు. ఏమనుకోకు వదినె, జెర దుప్పటి ఇస్తవా. ఏమనుకోకు వదినె, జెర ఫ్యాను తగ్గిస్తవా. ఏమైనా అనుకోవాలని లేనిదాన్ని కూడా ఆ మాట విన్నాక అనుకునేదాన్ని.

నేను మారేడ్‌పల్లిలో ఈ ఇంట్లో కాలు పెట్టిన నాటికి ఆమెకు పదేళ్ళు. నేనే జడలు వేసేదాన్ని. మా అత్త పెరట్లో రాగి బాయిలర్ పెట్టి, రంపపు పొట్టు కూరి, తెల్లవారకముందే అంటించేది. ఈ పిల్ల లేచి కళ్ళు నులుముకుంటూ వచ్చి, చేతులు ఆ సెగకు చాపి, "అమ్మా, నీళ్ళు పొయ్యి" అని అరిచేది. అప్పట్లో "ఏమనుకోకు" లేదు. "పొయ్యి" అనే అరుపే ఉండేది. మా అత్త పోసేది. వీపు ఎర్రబడేదాకా పోసేది. నేను దూరం నుంచి చూసి, ఇంత పొట్టు తగలబెట్టి ఒక పిల్లకు స్నానమా అనుకునేదాన్ని. మా పుట్టింట్లో ఏడుగురం ఒక్క కుండెడు నీళ్ళతో ముగించినవాళ్ళం.

అత్త పోయాక ఇల్లు నా చేతికొచ్చింది. బాయిలర్ అమ్మేశాను. తర్వాత కొన్నేళ్ళకు మా ఆయన గీజరు తెచ్చాడు. స్విచ్చి ఎక్కడ పెట్టాలని ఎలక్ట్రీషియన్ అడిగితే నా గదిలో, నా మంచం తలాపున గోడకు పెట్టమన్నాను. అతను వైరు చేతిలో పట్టుకొని నోరు తెరిచాడు.

"ఏందమ్మా, బాత్రూము ఆ దిక్కున్నది, స్విచ్చి ఈ దిక్కునా?"

"అవసరమున్నోళ్ళు వచ్చి అడుగుతరు. నువ్వు బిగించు."

నేను చేసింది తప్పని అప్పుడు అనుకోలేదు. ఆ స్విచ్చి ఒక్కటే కాదు, బియ్యం డబ్బా తాళం, చక్కెర డబ్బా తాళం అన్నీ నా దగ్గరే. ఒక్క జీతం మీద ముగ్గురు పిల్లలు చదువుకున్నారు, ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు. ఎవరికి వేడినీళ్ళు కావాలన్నా నా గది గడప దగ్గరికి వచ్చి అడిగేవాళ్ళు. నేను వేసేదాన్ని, పది నిమిషాలు చూసి తీసేసేదాన్ని. ఇంట్లోవాళ్ళకు అలవాటైపోయింది. పిల్లలు ఆ గడపకు గీజరు ఆఫీసు అని పేరు కూడా పెట్టారు.

ఆడబిడ్డ నాగపూర్ నుంచి వచ్చిన ప్రతిసారీ ఆ గడప దగ్గర కాలివేళ్ళ మీద నిలబడేది. తువ్వాలు భుజాన, సబ్బుడబ్బా చేతిలో.

"ఏమనుకోకు వదినె, జెర స్విచ్చి ఎయ్యవా."

లేదు అని నేను ఏనాడూ అనలేదు. ఈ మాట ఎవరి ముందైనా చెప్తాను. వేసేదాన్ని. కాకపోతే ఒక మాట అని వేసేదాన్ని. "మీ అన్న ఇంత చలిల సన్నీళ్ళే పోసుకున్నడు పొద్దున" అనో, "పొద్దున పోసుకున్నవి గప్పుడే చల్లారినయా" అనో. సాయంత్రం అందరూ అన్నాలకు కూర్చున్నప్పుడు ఆ ముచ్చట మళ్ళీ తీసేదాన్ని. "మా ఆడబిడ్డను మీరు హుస్సేన్‌సాగర్ల దింపి కింద పొయ్యి పెట్టినా సాలదు" అంటే పంక్తి అంతా నవ్వేది. ఆమె కూడా నవ్వేది, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని. నవ్వింది కదా, ఇంకేముంది అనుకునేదాన్ని.

ఒక ఏడు ఆమె రైలు దిగి ఇంటికి రాలేదు. సికింద్రాబాద్ స్టేషన్ నుంచి నేరుగా హోటల్‌కు పోయింది. పదింటికి ఫోను చేసి, "ఏమనుకోకు వదినె, ఈయనకు గీడ దగ్గర పనున్నది, సాయంత్రం ఇంటికొచ్చి పోత" అన్నది. ఊళ్ళో అన్న ఇల్లు ఉండగా చెల్లెలు హోటల్లో దిగడం! మా ఆయన ఆ పూట అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. పక్కింటామె గోడ మీంచి "మీ ఆడబిడ్డ రాలేదా?" అంటే నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత ప్రతి రాకకూ అదే. వస్తుంది, పండ్లు తెస్తుంది, గంట కూర్చుంటుంది, హోటల్‌కు పోతుంది. మామూలు రూము కూడా కాదు, ఆ కోటు మనిషి ఉండే రూము. వాళ్ళాయన కాంట్రాక్టులు చేసి నాలుగు రాళ్ళు వెనకేశాడు. పైసలెక్కువైతే మనిషికి నేల ఆనదు అని చుట్టాలందరికీ నేనే చెప్పాను. చెప్పి చెప్పి నాకే నిజమైపోయింది.

మా ఆయన పోయిన మూడో ఏడు ఆమె ఫోను చేసింది.

"వదినె, ఏమనుకోకు. మోకాళ్ళు సహకరిస్త లేవు. ఈసారి ఒడిబియ్యం హోటల్లనే పోస్తరా?"

ఒడిబియ్యం అంటే పెళ్ళయిన ఆడపిల్లకు పుట్టింటివాళ్ళు పోసేవి. మూడేండ్లకో అయిదేండ్లకో పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడకలు, ఖర్జూరాలు, పోకలు ఆమె ఒడిలో పోస్తారు. మా ఇండ్లలో ఆమె లేచేముందు ఆ బియ్యంలోంచి అయిదు పిడికిళ్ళు తీసి పుట్టింట్లో వదిలి పోవాలి. ఆడపిల్ల అంతా మూటగట్టుకొని పోతే ఇల్లు వట్టిదవుతుందని. అది గడపలో జరగాల్సిన పని. అద్దె గదిలో ఎట్లా పోస్తారు? నేను ససేమిరా అన్నాను. మా కొడుకే, "అమ్మా, మోకాళ్ళు నొస్తున్నయంటే నీకేం తక్లీఫ్, పోదాం పా" అని బయలుదేరదీశాడు. కొడుకూ కోడలూ పోస్తారు, నేను మా ఆయన పోయినదాన్ని కనుక పక్కన నిలబడతాను.

ఆ హోటల్ గుమ్మంలోనే ఆపారు. బియ్యం సంచిని మిషన్లో పెట్టి చూశారు. లోపల అత్తరు సీసా పగిలినట్టు ఒకటే వాసన. నీళ్ళలో దోసకాయ ముక్కలు వేసి గ్లాసుల్లో ఇస్తున్నారు. రాతిగిన్నెలో నీళ్ళు పోసి గులాబీ రెక్కలు చల్లారు, ఎవరి కోసమో తెలియదు. బల్ల వెనక నుంచి యాభై దాటిన మనిషి, మీసానికి రంగు, నల్లకోటు, చేతులు జోడించి వచ్చాడు.

"నమస్తే మేడమ్. మీరు వదినగారు కదా. మేడమ్ మీకోసమే చూస్తున్నారు."

నా వరస ఇతనికెందుకు?

పైన గదిలో తువ్వాలును మెలిపెట్టి బాతును చేసి మంచం మీద పెట్టారు. తుడుచుకునే తువ్వాలుకు ముక్కూ మెడా ఎందుకు? పాయిఖానాలో కాగితం చుట్ట కొసను కుచ్చిళ్ళు పోసినట్టు మడిచి పెట్టారు. ముడ్డి తుడుచుకునే కాగితానికి కుచ్చిళ్ళు! ఎన్ని రకాల దిండ్లు ఉన్నాయో రాసిన అట్ట ఒకటి. నిద్ర రానివాడికి దిండు తెస్తుందా నిద్ర? కోటు మనిషి అన్నీ అమర్చి ఉంచాడు. పీట, పీట కింద ముగ్గు, ఇత్తడి పళ్ళెం, కుడకలు, పసుపుకొమ్ములు. ఎవరినో అడిగి తెలుసుకున్నాడట. పుట్టింటివాళ్ళు తేవాల్సిన సామాను జీతగాడు తెచ్చిపెట్టాడు. పైగా అన్నీ సరిగ్గానే తెచ్చాడు, అదే నాకు ఇంకా రోత.

కొడుకూ కోడలూ పోశారు. ఆమె కొంగు నిండింది. అయిదు పిడికిళ్ళు తీయాల్సిన వేళ వచ్చింది. పిడికెడు బియ్యం పట్టుకొని ఆమె ఆ గదంతా చూసింది. అద్దాల కిటికీ, టీవీ, బాతు. కోటు మనిషి అది కూడా ఆలోచించాడు. ఒక ఇత్తడి గిన్నె ముందుకు జరిపి, "ఇందులో మేడమ్" అన్నాడు. ఆమె ఆ గిన్నె దిక్కు చూడను కూడా చూడలేదు. నేను బియ్యం తెచ్చిన ఖాళీ సంచి నా చేతిలో ఉంటే, దాని మూతి తెరిచి, ఒక్కొక్క పిడికిలీ అందులో వేసింది.

"ఏమనుకోకు, వదినె. మన దేవుని దగ్గర పెట్టు."

కొడుకూ కోడలూ తినడానికి కిందికి పోయారు. వాళ్ళాయన కింద ఎవరితోనో మాట్లాడుతున్నాడు. గదిలో మేమిద్దరమే. ఆమె ఫోను ఎత్తి, "ఉడుకునీళ్ళు పంపుండ్రి" అని పెట్టేసింది. రెండు నిమిషాల్లో నీళ్ళొచ్చాయి. గ్లాసు వాసన చూసుకొని తాగింది. కాసేపటికి మళ్ళీ ఎత్తింది. "కాళ్ళు పెట్టుకోను టబ్బుల నీళ్ళు కావాలె. ఇంక జెర ఎక్కువ ఉడుకుండాలె." కోటు మనిషే మనిషిని వెంటపెట్టుకొని వచ్చి టబ్బు పెట్టించి, "ఇంకేమైనా మేడమ్?" అన్నాడు. "తువ్వాలు" అన్నది. తెచ్చాడు. పోయాడు.

నాకు అప్పుడు ఏదో తేడాగా అనిపించింది. ఇంటికి కొత్త మనిషి వచ్చినట్టు. ఏమిటో తెలియడానికి కాసేపు పట్టింది. ఇతన్ని ఏది అడిగినా ఆమె "ఏమనుకోకు" అనడం లేదు. చిన్నప్పుడు బాయిలర్ దగ్గర అరిచినట్టు అడుగుతోంది.

"పిల్లా, గిన్ని పైసలు పెట్టి ఏం సుఖపడుతున్నవే? గీ నీళ్ళకేనా?" అన్నాను.

"నీళ్ళకే వదినె."

"మా ఇంట్ల నీళ్ళు లేవా? నేనెన్నడన్న లేదన్ననా?"

ఆమె పాదాలు టబ్బులో కదిలించింది. "లేదనలే. ఎన్నడు లేదనలే నువ్వు."

"మరి?"

"గీయన నీళ్ళు తెస్తడు, పోతడు. సాయంత్రం నలుగురి నడుమ కూసొని గీమె ఇన్ని నీళ్ళు తాగింది అని చెప్పడు." కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. "ఆ ఎక్కువ పైసలు గందుకు. ఏమనుకోకు, వదినె."

నేను లేచాను. సంచి తీసుకొని కిందికి వచ్చేశాను. గుమ్మం దగ్గర కోటు మనిషి "కారు పిలవమంటారా మేడమ్?" అంటే, తినే దగ్గరి నుంచి కొడుకునూ కోడలినీ బయలుదేరదీశాను. దారిపొడుగునా కొడుకుతో ఆమె దుబారా గురించే మాట్లాడాను. ఇంటికొచ్చి బియ్యం దేవుడి దగ్గర పెట్టాను, అది మాత్రం పెట్టాను. ఆ నెల్లాళ్ళు నా తలాపున ఉన్న స్విచ్చి దిక్కు చూడాలంటే మంట పుట్టేది. తర్వాత అదీ పోయింది. మనిషికి ఏది లేకపోయినా మరపు ఉంటుంది. ఆమె మళ్ళీ సికింద్రాబాద్ రాలేదు. నాగపూర్‌లోనే పోయింది. పదోరోజుకు మేము పోతే, వాళ్ళ కూతురు నాకు నీళ్ళిచ్చింది. నేను అడగలేదు. వేడినీళ్ళే ఇచ్చింది.

ఇదంతా మనవడికి చెప్పలేదు. "దండుగ. బుక్ చెయ్యకు. ఇంటికే రమ్మను" అన్నాను.

"రాదు నానమ్మా. నేనప్పుడే అడిగిన. 'వద్దురా, మీ నానమ్మకు తక్లీఫ్' అన్నది." వాడు ఫోన్లో చూస్తూనే అన్నాడు. "నిన్ను ఏమనుకోవద్దని చెప్పమన్నది."

ఆ మాట వాడి నోట్లోంచి వినేసరికి నాకు రోత పుట్టింది. ఆ హోటల్ మీద పుట్టింది, గులాబీ రెక్కల మీద, కుచ్చిళ్ళు పోసిన కాగితం మీద, తల్లి మాటను పట్టుకొని వేలాడే ఆ కూతురి మీద కూడా పుట్టింది. అన్నిటి కన్నా ఎక్కువ ఎవరి మీద పుట్టిందో చెప్పనక్కరలేదు. కోటు మనిషి ఎక్కువ కిరాయికి అమ్ముతున్న సరుకు ఏమిటో చెప్పనా? అడిగినప్పుడు ఇవ్వడం, ఇచ్చి ఊరుకోవడం. అంతే. దానికి వేలు పోయడం ముమ్మాటికీ దండుగే. ఇంట్లో ఊరికే దొరికేవాళ్ళకు. మా ఇంట్లో దొరకలేదు కాబట్టి ఆమె కొనుక్కుంది.

మర్నాడు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను. పాతమనిషే, ఇప్పుడు జుట్టు తెల్లబడింది.

"స్విచ్చి తీసి బాత్రూము తలుపు పక్కన పెట్టు."

"ఏందమ్మా, ఇన్నేండ్లకు?" అని నవ్వబోయాడు.

"పని చెయ్యి. మాటలకు పైసలియ్య."

సాయంత్రం నేనే నాగపూర్‌కు ఫోను చేశాను. ఏం చెప్పాలో తెలియక, హలో అనగానే, "గీజరు స్విచ్చి బాత్రూము కాడ పెట్టించిన. ఇంటికి రా" అన్నాను.

"అత్తమ్మా, నిజంగనా?" అన్నది.

"అబద్ధానికి ఎలక్ట్రీషియన్ ఇంత తీసుకుంటడా?"

వచ్చింది. కూతురితో సహా వచ్చింది. నిన్న పొద్దున నేను మంచం మీద ఉండగా బాత్రూము దగ్గర టక్కుమని స్విచ్చి చప్పుడు. నన్నెవరూ అడగలేదు. నా గడప దగ్గర ఎవరూ నిలబడలేదు. పది నిమిషాలు అయ్యాయి. ఇరవై అయ్యాయి. ముందు తల్లి, ఆ తర్వాత కూతురు. లోపల నీళ్ళు పడుతూనే ఉన్నాయి. ఇద్దరూ బయటికొచ్చి, తలలు తుడుచుకుంటూ వంటింట్లోకి పోయారు. తలుపు సందులోంచి చూస్తే ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. తీయలేదు. నా చెయ్యి దానంతట అది తలాపున గోడ మీదికి పోయింది. అక్కడ స్విచ్చి లేదు, తెల్లసిమెంటు పూసిన గుంట చేతికి గరుకుగా తగిలింది. పళ్ళు బిగబట్టుకొని అట్లాగే పడుకున్నాను. కోడలు అటు పోతూ ఎప్పటికో తీసింది.

మధ్యాహ్నం అందరూ అన్నాలకు కూర్చున్నారు. మా కొడుకు నాగపూర్ పిల్లను చూసి, "ఏమ్మా, నీళ్ళు ఉడుకుడుకుగ వచ్చినయా పొద్దున?" అని అడిగాడు. ఆ పిల్ల చెయ్యి ముద్ద దగ్గర ఆగింది. తల్లి కూడా ఆగింది. ఒక్కొక్కరుగా అందరూ నా దిక్కు చూశారు.

నేను పప్పు వడ్డించాను.